పెండ్లి తేదీ ఎవరు పెట్టాలి?



నవంబరు నెలలో మృతుల స్మరణ దినం వెళ్ళిన తరువాతి ఆదివారం. నర్సంపేటలో పూజ ముగిసి, గుడి ముందర చెట్టు కింద నలుగురం నిలబడి మాట్లాడుకుంటున్నాము. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో లెక్కల శాఖలో ఉన్నాను గనుక, మన విచారణలో ఎవరికి ఏ ఫారం నింపవలసి వచ్చినా నా దగ్గరకే వస్తారు. ఆ రోజు ఒక తల్లి వచ్చింది. ఆమె చేతిలో ఫారమేమీ లేదు. నన్ను పక్కకు పిలిచి, "సారూ, పైసలు మిగులుతయని పెండ్లి ముందుగాల్ల రాయించుకుంటే తప్పా?" అని అడిగింది.

సంగతి ఇది. ఆమె కూతురికి సంబంధం కుదిరింది. అబ్బాయి అమెరికాలో డాలసు పట్టణంలో సాఫ్టువేరు ఉద్యోగి, మన కతోలిక కుటుంబమే. డిసెంబరులో పదిహేను రోజుల సెలవు మీద వస్తున్నాడు. పెద్ద పెండ్లి మే నెలలో, వరంగల్లులో ఫంక్షను హాలులో చేయాలని మాట. ఇంతలో అబ్బాయి మేనమామ ఫోను చేశాడు. డిసెంబరు 31 లోపల రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టించండి, అబ్బాయికి అక్కడ పన్ను బాగా తగ్గుతుంది, గుడి పెండ్లి మాత్రం మేలోనే చేసుకుందాం అన్నాడు. నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగాలి గనుక ఆ వారమే తేల్చి చెప్పాలట.

"పన్నుకూ పెండ్లికీ ఏం సంబంధం?" అని చెట్టు కింద ఉన్న పెద్దమనిషి ఒకరు నవ్వారు. ఆయన నవ్వడంలో ఆశ్చర్యమేమీ లేదు. మన ప్రాంతంలో మిరప, పత్తి, పసుపు పండించి ఎనుమాముల మార్కెట్టులో అమ్ముకునే వారికి వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్నే లేదు. జీతగాళ్లకు ఉన్నా, మన దేశంలో భర్త లెక్క భర్తది, భార్య లెక్క భార్యది. పెండ్లయినంత మాత్రాన పన్ను రేటు మారదు.

అయితే ఎప్పుడూ ఇలాగే లేదు. 1955లో కేంద్ర ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ ప్రవేశపెట్టిన బడ్జెటులో, అంతవరకు అందరికీ 1,500 రూపాయలుగా ఉన్న పన్ను లేని పరిమితిని పెండ్లయినవారికి 2,000కు పెంచి, పెండ్లి కానివారికి 1,000కి తగ్గించారు. పెండ్లయిన వాడు ఒక కుటుంబాన్ని పోషిస్తున్నాడు గనుక వాడి బరువును ప్రభుత్వం గుర్తించాలన్నది ఆలోచన. ఆ దేశ్‌ముఖ్ ఎవరో కాదు, అంతకు రెండేళ్ళ ముందు, 1953 జనవరిలో, మన రాజమండ్రి ఆడబిడ్డ దుర్గాబాయిని వివాహమాడినాయన. ఆ వెయ్యి రూపాయల తేడా కోసం ఆ రోజుల్లో ఎవరైనా తొందరపడి పెండ్లాడారో లేదో నేను చెప్పలేను గాని, ఢిల్లీలో ఒక మంత్రి గీసిన గీత మన ఇండ్లలోని బ్రహ్మచారిని, గృహస్థుని వేరు చేసి చూసిందన్న మాట మాత్రం నిజం.

ఇక అమెరికా సంగతి. అక్కడ భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ఒకే లెక్క సమర్పించుకునే పద్ధతి ఉంది. మన కథకు ముఖ్యమైన నియమం ఒకటుంది: సంవత్సరం ఆఖరి రోజున మీరు ఎవరో, ఏడాది పొడుగునా మీరు అదే. డిసెంబరు 31న పెండ్లయి ఉంటే, జనవరి ఒకటి నుంచి పెండ్లయినట్టే లెక్క. ఆ తల్లి కోసం నేను కాగితం మీద వేసి చూశాను. 2024 సంవత్సరపు రేట్ల ప్రకారం లక్షా ఇరవై వేల డాలర్ల జీతం ఉన్న ఒంటరివాడు కేంద్ర ప్రభుత్వానికి సుమారు 18,340 డాలర్ల పన్ను కట్టాలి. అదే జీతంతో, సంపాదన లేని భార్య ఉండి, ఇద్దరూ కలిసి లెక్క ఇస్తే 10,430 డాలర్లు చాలు. భార్య ఇంకా ఇండియాలోనే ఉన్నా, ఆమెకు పన్ను నంబరు ఇప్పించి, ఆమెను కూడా అక్కడి నివాసిగానే లెక్కించండని ఇద్దరూ సంతకం పెడితే సరిపోతుంది. మిగులు దాదాపు 7,900 డాలర్లు. మన డబ్బులో ఆరు లక్షలు దాటుతుంది. మేనమామ తొందరకు అర్థముందని మీరూ ఒప్పుకుంటారు.

ఇదే నియమం కొందరిని ఎదురు దిక్కుకు కూడా నెట్టింది. 1969లో అమెరికా చట్టాన్ని మార్చి ఒంటరివారి రేట్లు తగ్గించారు. దానితో, దాదాపు సమానంగా సంపాదించే భార్యాభర్తలు, పెండ్లి కాని ఇద్దరికంటే ఎక్కువ పన్ను కట్టవలసి వచ్చింది. మేరీలాండు రాష్ట్రంలో బోయ్టర్ దంపతులని ఉద్యోగస్తులు ఉండేవారు. 1975 చివర హైతీ దేశానికి వెళ్ళి విడాకులు పుచ్చుకున్నారు, కొత్త సంవత్సరం రాగానే తిరిగి పెండ్లాడారు. 1976లో డొమినికన్ రిపబ్లిక్‌కు వెళ్ళి మళ్ళీ అదే పని చేశారు. పన్నులో మిగిలిన డబ్బుతో విహారయాత్ర ఖర్చులు వెళ్ళిపోయేవట. ఆ విడాకులు చెల్లవని పన్నుల కోర్టు 1980లో తీర్పు చెప్పింది. చదివితే నవ్వు వస్తుంది. నాకూ వచ్చింది. నవ్విన తరువాత మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఒక్కరోజు కూడా విడిచిపెట్టలేదు, వారి ఇల్లూ మారలేదు. వారు మార్చినది ఒక మాటను మాత్రమే. మరి ఆ మాటకు ఏమైనా విలువ ఉన్నదా?

మన విశ్వాసం ప్రకారం వివాహమనేది వధూవరులు ఇచ్చుకునే మాటే. గురువు సాక్షి, పీఠం సాక్షి, ఊరు సాక్షి, కాని వివాహాన్ని చేసేది మాత్రం వారిద్దరి సమ్మతి. అలాంటప్పుడు ఆ మాటను డిసెంబరులో ఆఫీసరు ముందు ఒక అర్థంతోనూ, మేలో పీఠం ముందు మరొక అర్థంతోనూ చెప్పవచ్చునా? ఈ తల్లి అడిగినది చిన్న ప్రశ్న కాదు.

నేను ముందు తప్పు లేనిదేదో చెప్పాను. పన్ను తగ్గేలా చట్టం ఇచ్చిన దారిలో నడవడం పాపం కాదు. తేదీ పెట్టుకోవడానికి మనకు ఎప్పుడూ లౌకిక కారణాలే ఉంటాయి. మిరప కోతలు అయిపోవాలంటాము, చిట్టీ ఎత్తాలంటాము, దుబాయి నుంచి బావ రావాలంటాము. వాటి పక్కన పన్ను కూడా ఒక కారణం, అంతే. మన రాష్ట్రంలో 2014 అక్టోబరులో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు వచ్చాయి. మొదట 51,000 రూపాయలు, 2017లో 75,116, 2018లో 1,00,116 అయ్యాయి. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండితేనే డబ్బు వస్తుందన్న షరతు వల్ల, పదహారేళ్ళకే చేసేద్దామనుకున్న తండ్రులు ఆగారు. ప్రభుత్వ నియమం పెండ్లి తేదీని కదిలించి మేలు చేసిన సందర్భమది. యోసేపు, మరియమ్మలు ఇంకా నిశ్చితార్థంలో ఉన్నప్పుడే రోము చక్రవర్తి జనాభా లెక్క కోసం బేత్లెహేముకు నడిచారు. ఆ లెక్క దేనికి? పన్నుకే కదా. పవిత్ర కుటుంబానికే తప్పని తిప్పలు మనకు తప్పుతాయా!

కనుక డబ్బు విషయం పక్కన పెట్టి, ఆ తల్లిని నేను వేరే ప్రశ్న అడిగాను. "అమ్మా, ఆ ఆరు లక్షలు ఎవరికి మిగులుతాయి?"

"అబ్బాయికే గద సారూ."

"డిసెంబరుకూ మేకూ మధ్య ఏదైనా అటు ఇటు అయితే, ఆ చిక్కు ఎవరి మెడకు చుట్టుకుంటుంది?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆమెకు అర్థమైంది. రిజిస్టరయిన రోజు నుంచి ఆ పిల్ల చట్టం దృష్టిలో భార్య. ఊరి దృష్టిలో ఇంకా పెండ్లి కాని పిల్ల. శ్రీసభ దృష్టిలోనూ కతోలికులిద్దరు గురువు ముందు, సాక్షుల ముందు సమ్మతి చెప్పనంత వరకు వివాహం జరగలేదు. ఆ అయిదు నెలల్లో అబ్బాయి మనసు మారిందనుకోండి, మేనమామకు పెట్టుపోతల దగ్గర కోపం వచ్చిందనుకోండి. అబ్బాయి డాలసులోనే ఉంటాడు. ఈ పిల్ల మాత్రం ఒక్కరోజు కూడా కాపురం చేయని భర్త నుంచి విడాకుల కోసం వరంగల్లు కోర్టు మెట్లెక్కాలి. రేపు మరొక సంబంధం వస్తే, విడాకులైన పిల్ల అనిపించుకోవాలి. విదేశీ సంబంధాల్లో చిక్కుకొని ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగే ఆడపిల్లలు మన జిల్లాల్లో ఎందరో మీరు నన్ను అడగనక్కరలేదు. లాభం ఒకరికి, భారం మరొకరికి. ఈ ఏర్పాటులో నాకు కనిపించిన తప్పు ఇది. సగం మాట ఇచ్చి పూర్తి లాభం తీసుకోవడమన్నమాట.

దారి లేకపోలేదు. మన దేశంలో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, గుడిలో గురువులు చేసిన పెండ్లి చట్టానికీ పెండ్లే. వేరే ఆఫీసు అక్కరలేదు. ఆగమన కాలంలో ఆడంబరంగా పెండ్లిండ్లు చేయరు, నిజమే. క్రిస్మసు వెళ్ళిన తరువాత, డిసెంబరు 31కి ముందు కొన్ని రోజులున్నాయి కదా! మూడు ఆదివారాల ప్రకటనలకు వ్యవధి ఉంది. విచారణ గురువులను అడిగితే కాదనరు. గుడిలో పెండ్లి, గుడి ఆవరణలోనే భోజనాలు. ఫంక్షను హాలు విందు మేలో పెట్టుకుంటే పెట్టుకోండి, మానుకుంటే మరీ మంచిది. పన్ను మిగులుతుంది, మాటా ఒక్కటిగా మిగులుతుంది.

మేనమామ ఒప్పుకోలేదు. హాలు పెండ్లి లేకపోతే నలుగురిలో పరువేమిటన్నాడు. అబ్బాయి మాత్రం డాలసు నుంచి రాత్రివేళ ఫోను చేసి, "సార్, నేను ఆ కోణంలో ఆలోచించలేదు" అన్నాడు. క్రిస్మసు తరువాతి వారంలో వారి పెండ్లి మన గుడిలోనే జరిగింది. మేనమామ వచ్చాడు గాని భోజనానికి ఉండలేదు.

పాఠకులారా, ఇంతటితో ఆపితే బాగానే ఉండును. కాని ఆ పెండ్లి విందులో, వడ్డన జరుగుతుండగా, మరొకామె నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె సమస్యకు నా దగ్గర ఇంత చక్కని జవాబు లేదు.

ఆమెకు యాభై దాటలేదు. భర్త ప్రభుత్వోద్యోగంలో ఉండగా చనిపోయాడు. ఇద్దరు కూతుళ్ళకూ పెండ్లిండ్లయ్యాయి. నెలకు పదమూడు వేల పైచిలుకు కుటుంబ పింఛను వస్తుంది. పక్క ఊరిలో ఒక రైతు, భార్య పోయి ఆరేళ్ళయినవాడు, మంచివాడు, ఈమెను చేసుకుంటానంటున్నాడు. జ్వరమొస్తే ఈమె జావ కాచి పంపుతుంది, ఈమె ఇల్లు కురిస్తే ఆయన వచ్చి పెంకులు సర్దుతాడు. ఊరు మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. పెండ్లి చేసుకుందామంటే పింఛను ఆగిపోతుంది. ఏటా "నేను మళ్ళీ పెండ్లి చేసుకోలేదు" అని సంతకం పెట్టి ఇవ్వాలి గదా. ఆమె అడిగింది: "గురువులు ఎవరికీ చెప్పకుంట మమ్ములను దీవిస్తే అయితదా? దేవుని ముందు పెండ్లయితది, సర్కారు ముందు కాకుంట ఉంటది."

చూశారా, ఇది మేనమామ ఉపాయానికి తిరగేసిన రూపం. అక్కడ సర్కారు ముందు పెండ్లి, దేవుని ముందు కాదు. ఇక్కడ దేవుని ముందు పెండ్లి, సర్కారు ముందు కాదు. అయినా ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేయడానికి నాకు చేయి రాలేదు. అక్కడ మిగులు ఒకడిది, ప్రమాదం మరొకరిది. ఇక్కడ రెండూ ఈమెవే. పింఛను పోతే ఆమెకు ఉన్న ఒకే ఒక్క సొంత ఆదాయం పోతుంది. కూతుళ్ళ ముందు, కొత్త భర్త ముందు, అతని కొడుకుల ముందు చెయ్యి చాచాలి. అతను రేపు పోతే, తిరిగి ఆ పింఛను వస్తుందన్న భరోసా లేదు.

ఈ నియమం వెనుక ఒక పాత ఊహ ఉంది. స్త్రీ ఒక మగవాని కంచం నుంచి మరొక మగవాని కంచానికి మారుతుంది, కనుక రెండవవాడు పెడతాడు, మొదటివాని తరఫున మేము పెట్టడం మానుతాము అన్న ఊహ. ఆమె భర్త ముప్పై ఏళ్ళ చాకిరీలో ఆమె వండిన అన్నానికి, పెంచిన పిల్లలకు వాటా లేదా? భార్య పోయిన ఉద్యోగి మళ్ళీ పెండ్లి చేసుకుంటే అతని సొంత పింఛనులో ఒక్క రూపాయి తగ్గదు. కేంద్ర ప్రభుత్వం ఆరవ వేతన సంఘం తరువాత కొంచెం మెత్తబడింది. సంతానం లేని వితంతువుకు వేరే ఆదాయం తక్కువగా ఉంటే, మళ్ళీ పెండ్లి చేసుకున్నా కుటుంబ పింఛను సాగుతుంది. అది కేంద్ర ఉద్యోగుల కుటుంబాలకే, అదీ పిల్లలు లేనివారికే. 2014లో మొదలైన ఆసరా పింఛను, 2019లో 2,016 రూపాయలైనది, అదీ వితంతువుగా ఉన్నంత కాలమే. బీదదానికి రెండు వేలు కూడా ఒక మొగుడంత ఆధారమని ఒక ముసలామె నాతో అన్నది. నేను వాదించలేకపోయాను.

అయినా ఆమెకు నేను "సరే" అని చెప్పలేకపోయాను. విచారణ గురువులనూ అడిగాను. రహస్య వివాహమనేది శ్రీసభ చట్టంలో లేకపోలేదు. 1983 నాటి ధర్మశాస్త్రం 1130వ సూత్రం ప్రకారం, గంభీరమైన, అత్యవసరమైన కారణం ఉంటే మేత్రాణులు అనుమతించవచ్చు. కాని ఏటా ఒక అబద్ధపు సంతకం పెట్టడానికి వీలు కల్పించేది ఆ సూత్రం కాదని ఆయన మెల్లగా చెప్పారు. పైగా మన దేశంలో గుడిలో చేసిన పెండ్లిని రిజిస్టరులో రాసి తీరాలి. అప్పుడు ఆమె చేతిలో రెండు కాగితాలుంటాయి, ఒకదానిలో భార్య, మరొకదానిలో వితంతువు. ఎన్నాళ్ళు నిద్రపడుతుంది?

ఈ మాటలు ఆమెకు చెప్పడం నాకు సులువు కాలేదు. నిబంధన అన్యాయంగా ఉందని నేనే అంటున్నాను, మళ్ళీ దానిని దాటవద్దని నేనే అంటున్నాను. చదివే మీకు కూడా ఇది రుచించకపోవచ్చు. నిబంధన మార్చమని అడగడం ఒక పని, దానికి నలుగురి సంతకాలు కావాలి, వాటికి నేను సిద్ధం. ఆమె ఒక్కతే అబద్ధం సంతకం పెట్టి ఆ భారం మోయడం వేరొక పని. అందులో నేను ఆమెకు తోడు ఉండలేను. దొరికితే వసూలు చేసేది ఆమె దగ్గరే.

అందుకని ఆమెను వదిలి, ఆ రైతును పిలిపించాను. 1963లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక పన్ను కేసు నాకు గుర్తుకు వచ్చింది. కలకత్తాలో థామస్ అనే ఆయన, 1947 డిసెంబరులో తన కంపెనీ వాటాలు కొన్ని తాను చేసుకోబోయే ఆమె పేర రాశాడు. 1948 జనవరిలో పెండ్లయింది. భార్యకు ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయం భర్త లెక్కలో కలపాలని మన చట్టం. రాసిననాడు ఆమె ఇంకా భార్య కాదు గనుక కలపనక్కరలేదని కోర్టు తేల్చింది. కోర్టుకు కావలసింది తేదీ. నాకు ఆ కథలో నచ్చింది వేరు. ఆయన పెండ్లికి ముందే ఇచ్చాడు.

రైతుతో అన్నాను: "నీకు ఎకరం ఇరవై గుంటల మాగాణి ఉంది. నిన్ను చేసుకుంటే ఆమె నెలకు పదమూడు వేలు వదులుకోవాలి. నువ్వు ఏం వదులుకుంటావు?"

ఆయన తల గోక్కున్నాడు. "అర ఎకరం రాసిస్త సారు. పెండ్లి అయినంక రాసిస్త. భార్యకు రాస్తే స్టాంపు ఖర్చు తక్కువట గదా, బయటోళ్ళకు రాస్తే ఎక్కువట."

నిజమే. రక్తసంబంధీకులకు, భార్యకు దానపత్రం రాస్తే స్టాంపు రుసుం తక్కువ, బయటివారికి ఎక్కువ. ఆయన విన్నది సరైనదే. ఇక్కడ కూడా ఒక నియమం నిలబడి, ముందు పెండ్లాడు, తరువాత ఇవ్వు, నీకు డబ్బు మిగులుతుంది అంటున్నది. పెండ్లయిన మరునాడు కొడుకులు అడ్డం పడితే ఆ అర ఎకరం రాదన్న సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె మాత్రం ఏమీ అడగలేదు, అడగదు కూడా.

"ముందు రాస్తే ఎంత ఎక్కువైతది సారు?" అని అడిగాడు. అక్కడ ప్రభుత్వ విలువ ఎంతో కనుక్కొని, రెండు లెక్కలూ ఒక కాగితం మీద పక్కపక్కన వేసి ఇచ్చాను. తేడా ఆయన ఒక పంటలో సంపాదించేదానికంటే తక్కువే. కాగితం రెండుసార్లు చూసి, మడిచి, అంగీ జేబులో పెట్టుకున్నాడు. తపస్సు కాలం రాకముందే చెబుతానని వెళ్ళాడు.